నాలుగు చక్రాలు, ఒక్క నడక



జహీరాబాదు చుట్టుపట్ల సేద్యం చేసే రైతు ఎద్దును కొనడానికి సంతకు వెళ్ళినప్పుడు, అమ్మేవాడు ఎంత మధురంగా మాటలాడినా, కొమ్ములకు ఎంత చక్కగా రంగు పూసి కుచ్చులు కట్టినా, ఆ అలంకారమంతటినీ ఒక పక్కకు నెట్టి, ముందు దాని పళ్ళు చూస్తాడు, తరువాత పది అడుగులు నడిపించి గిట్టలు చూస్తాడు, ఆ పిమ్మట తన కొట్టంలో ఉన్న రెండో ఎద్దును మనస్సులోనే దీని పక్కన నిలబెట్టి ఎత్తు సరిచూసుకుంటాడు. ఈ చివరి పనే అన్నిటికన్న ముఖ్యం. ఒంటెద్దు అయితే మంచిదై ఉంటే చాలు. జోడులోకి వచ్చేది మాత్రం జోడుకు సరిపోవాలి. బీదరు, ఉద్గీరు ప్రాంతాల దేవణి ఎడ్లను కట్టిన పెద్దలకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే కాడి వాలుతుంది. కాడి వాలితే మెడ ఒరుసుకుంటుంది. పది రోజులు తిరిగేసరికి ఆ మెడ పుండు పడుతుంది.

ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ఎడ్లను గురించి కాదు. నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే, వేగం గలిగిన చిన్న కారును గురించి. అదీ కొత్తది కాదు. ఒకరు వాడి అమ్మే పాత కారు. దానిని ఎట్లా ఎంచుకోవాలి? కాడి మాట మాత్రం మరచిపోకండి. నా ప్రసంగమంతా ఆ కాడి చుట్టూనే తిరుగుతుంది.

ఈ జాతి కార్లను మన పిల్లలు 'ఫోర్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్' అంటారు. వెనుక డిక్కీ వేరుగా పొడుచుకొని రాక, వెనుక తలుపు అద్దంతో సహా పైకి లేచే చిన్న కారు హ్యాచ్‌బ్యాక్. ఇంజిను బలం రెండు చక్రాలకే కాక నాలుగింటికీ అందితే అది ఫోర్ వీల్ డ్రైవ్. ఈ రెండు గుణాలకూ బలిష్ఠమైన ఇంజిను తోడైతే ఆ కారు, చూపులకు కూరగాయలు తేవడానికి వెళ్ళే సంసారపు బండి వలె సాధువుగా నిలిచి ఉండి, అవసరమైన వేళ వానలో సైతం రోడ్డును ఉడుము వలె పట్టుకొని పరుగెత్తగలదు.

ఇట్టి కార్లు పుట్టడానికి ర్యాలీ పందెములే ముఖ్య కారణం. 1980లో ఆడి సంస్థ 'క్వాట్రో' అనే కారును తెచ్చి, నాలుగు చక్రాల బలం బురదలోనూ మంచులోనూ ఎంత మేలు చేయగలదో లోకానికి చూపింది. 1986 తరువాత ర్యాలీ నిబంధనలు మారి, పందెంలో దిగే కారును కనీసం 5,000 తయారుచేసి జనానికి అమ్మవలసి రావడం వలన, పందెపు విద్య సామాన్యుని ఇంటి ముంగిటికి వచ్చింది. ఇటలీ వారి లాన్సియా డెల్టా అనే హ్యాచ్‌బ్యాక్ 1987 మొదలు 1992 వరకు వరుసగా ఆరేళ్ళు తయారీదారుల ప్రపంచ విజేత పదవిని నిలుపుకొన్నది. ఆ వంశములోనివే నేటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3, సుబారు ఇంప్రెజా, టొయోటా జీఆర్ యారిస్ అనేవి. చరిత్రకు ఇంతే చాలు.

మన ఊరికి ఈ విద్య పరాయిది కాదు. 1980ల దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను వారి నిస్సాన్ సంస్థతో కలిసి చిన్న లారీలను తయారుచేసినది జహీరాబాదులోనే కదా. ఆ పిమ్మట మహీంద్రా వారు వచ్చారు. 2023 ఆగస్టు 15వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో వారు లోకానికి చూపిన 'ఓజా' ట్రాక్టర్లు, సంస్కృతంలోని ఓజస్సు అనే మాట నుంచి పేరు తెచ్చుకొన్న ఆ చిన్న ట్రాక్టర్లు, తయారయ్యేది మన ఊరి కర్మాగారంలోనే. అవి నాలుగు చక్రాలకూ బలం అందే బండ్లు. కాబట్టి నేను చెప్పబోయే కిటుకు ఇక్కడి ట్రాక్టరు డ్రైవర్లకు సగం తెలిసినదే. మిగిలిన సగం చెప్పడానికి నాకు వారే ఆధారం.

ఫోర్ వీల్ ట్రాక్టరును ఒకసారి మనస్సులో నిలుపుకోండి. ముందు చక్రాలు చిన్నవి. వెనుకవి పెద్దవి. ఒకే దూరం నడవడానికి చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ లెక్కను తయారీదారు గేర్లలోనే కట్టి ఉంచుతాడు. అంతే కాదు, ముందు చక్రాలు వెనుకవాటి కన్న పిసరంత ముందడుగు వేసేటట్లు కూడ కూర్చి ఉంచుతాడు. నల్లరేగడిలో చెరకు ట్రాలీని లాగేటప్పుడు ఆ ముందడుగే బండిని గట్టు దాటిస్తుంది. మట్టి మెత్తనిది గనుక కొంచెం జారనిస్తుంది. ఆ చిన్న తేడాను తనలో ఇముడ్చుకుంటుంది. తారురోడ్డు ఎక్కగానే డ్రైవరు ఏమి చేస్తాడు? ముందు చక్రాల లివరును విడిపిస్తాడు. తారు జారనివ్వదు. తేడా ఎక్కడికీ పోలేదు. అది గేర్ల మీద, ఇరుసు మీద, టైర్ల మీద పడి తింటుంది.

ఇప్పుడు ఆ ట్రాక్టరుకు ముందు టైర్లు అరిగినవి ఉంచి, వెనుకవి మాత్రం కొత్తవి వేశారనుకోండి. గేర్లలో కట్టిన లెక్క తప్పుతుంది. ముందు చక్రం వేయవలసిన ముందడుగు తగ్గిపోతుంది. ఇది తెలిసిన మెకానిక్కు ఫోర్ వీల్ ట్రాక్టరు దగ్గరకు వెళ్ళగానే టైర్ల వైపు చూస్తాడు. ఇంజిను వైపు తరువాత చూస్తాడు.

కారుకూ అంతే. ఇదే నేను ఈ రోజు చెప్పదలచిన ఒక్క మాట. ఫోర్ వీల్ కారును కొనబోయేవారు ముందుగా టైర్లు చూడండి. బాగున్నవా అని కాదు. నాలుగూ సమానమా అని చూడండి.

మా అక్క కొడుకు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. వానికి చిన్ననాటి నుంచి బండ్ల పిచ్చి. అక్కడ గోల్ఫ్ ఆర్ కార్లు పాతవి విరివిగా దొరుకుతాయి. 2014లో ఆ దేశంలో అమ్మకానికి వచ్చిన తరం కారును, 300 అశ్వశక్తి గలదానిని, వాడు ఒకటి చూచి వచ్చి రాత్రివేళ నాకు ఫోన్ చేశాడు.

"మామా, బండి మస్తుగున్నది. నీలం రంగు. ఇంజిను సప్పుడు గూడ సాఫుగున్నది. టైర్లు కొత్తగనే ఉన్నయి."

"నాలుగూ కొత్తవేనారా?"

కొంచెంసేపు మాట లేదు.

"ముందటి రెండు కొత్తవి మామా. ఎనుకటివి నడుస్తయి అన్నడు."

"నడుస్తయి అన్నడా? ఎంత నడుస్తయో పుల్ల పెట్టి చూసి చెప్పు."

మరునాడు వాడు మళ్ళీ వెళ్ళి అగ్గిపుల్ల పెట్టి చూశాడు. ముందు టైర్ల గాడి లోతు 8 మిల్లీమీటర్లు. వెనుక టైర్లది 3 మిల్లీమీటర్లు. ఆ దేశపు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అమ్మేవాడు చట్టరీత్యా అబద్ధమాడలేదు. వెనుకవి నిజంగానే నడుస్తాయి. కాని ముందువాటితో కలిసి నడవవు.

లెక్క చూతాము. చిన్న లెక్కే, నెమ్మదిగా చెబుతాను. ఆ కారు టైరు చుట్టుకొలత కొత్తగా ఉన్నప్పుడు సుమారు 2 మీటర్లు. అంటే కిలోమీటరుకు 500 చుట్లు తిరుగుతుంది. గాడి 5 మిల్లీమీటర్లు అరిగితే చుట్టుకొలత 31 మిల్లీమీటర్ల మేర తగ్గుతుంది. ఆ అరిగిన చక్రం కిలోమీటరుకు 508 చుట్లు తిరగాలి. తేడా ఎనిమిదే చుట్లు. ఎనిమిదే కదా అనుకోకండి. జహీరాబాదు నుంచి హైదరాబాదుకు సుమారు నూరు కిలోమీటర్ల దారి. అక్కడకు చేరేసరికి వెనుక చక్రాలు ముందు చక్రాల కన్న 800 చుట్లు ఎక్కువ తిరిగి ఉంటాయి. మలుపు లేని తిన్నని రోడ్డు మీద, వాన లేని ఎండవేళలో, ఎవరూ వేగంగా తోలకపోయినా సరే, ఆ 800 చుట్లూ తప్పవు.

ఆ 800 చుట్లు ఎక్కడికి పోతాయి?

దీనికి జవాబు చెప్పాలంటే కళ్ళంలోకి వెళ్ళాలి. నడిమి గుంజకు వరుసగా ఎడ్లను కట్టి బంతి తిప్పించిన రోజులు ఎరిగినవారు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. గుంజ దగ్గరి ఎద్దు నిలిచిన చోటే తిరుగుతున్నట్లుంటుంది. చివరి ఎద్దు పరుగు వంటి నడక నడుస్తుంది. ఒకే పలుపున కట్టినా అడుగులు వేరు. అందుకే అలవాటుపడిన చురుకైన ఎద్దును చివర కడతారు. కారు మలుపు తిరిగినప్పుడు లోపలి చక్రం, వెలుపలి చక్రం కూడ ఇట్లాగే వేరువేరు దూరాలు నడుస్తాయి. ముందు ఇరుసు, వెనుక ఇరుసు కూడ వేరువేరు దూరాలు నడుస్తాయి. ఆ వ్యత్యాసానికి చోటు ఇచ్చే సాధనం డిఫరెన్షియల్. రెండు చక్రాలకే బలం అందే కారుకు అది ఒకటి చాలు. నాలుగు చక్రాల కారుకు ముందు ఒకటి, వెనుక ఒకటి, ఆ రెంటి నడుమ మధ్యవర్తి వంటిది మరొకటి కావాలి.

ఆ మధ్యవర్తిని గురించి కాస్త విపులంగా చెబుతాను. పాత కారులో మన డబ్బు కనిపించకుండా కరిగేది అక్కడనే.

గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3 వంటి కార్లలో ఈ పని చేసేది హాల్డెక్స్ అనే స్వీడన్ దేశపు సంస్థ పేరు మీద ప్రసిద్ధి చెందిన ఒక కప్లింగు. దాని లోపల పలుచని పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నూనెలో మునిగి ఉంటాయి. మీ ఇంట్లో జొన్నరొట్టెల దొంతర ఉంటుంది కదా. దాని మీద చేయి తేలికగా పెట్టి తిప్పితే పై రొట్టె తిరుగుతుంది, కింది రొట్టె కదలదు. అదిమి పెట్టి తిప్పితే దొంతరంతా ఒక్కటై తిరుగుతుంది. కప్లింగులో చేయికి బదులు చిన్న పంపు నూనెను నొక్కుతుంది. ముందు చక్రం జారుతున్నదని తెలియగానే పంపు పలకలను అదుముతుంది, వెనుక చక్రాలకు బలం అందుతుంది. జారడం లేనప్పుడు పట్టు సడలుతుంది. మంచి యుక్తి.

కాని చక్రం జారినదని దానికి తెలిసేది ఎట్లా? నాలుగు చక్రాల దగ్గరా వేగాన్ని కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఒక చక్రం ఎక్కువ చుట్లు తిరిగితే అది జారుతున్నదని యంత్రం భావించవచ్చును. అరిగిన టైరు ఎక్కువ చుట్లే తిరుగుతుంది. జారనిదానిని జారినదని భ్రమించి యంత్రం పలకలను అదుముతుంది. పలకలు రాచుకుంటాయి. నూనె కాగుతుంది. కాగిన నూనెలో పలకల పొడి కలుస్తుంది. ఆ పొడి పంపు మూతి దగ్గరి జల్లెడను పూడ్చివేస్తుంది. పంపు ఎండిపోయి ఒక దినాన ఆగిపోతుంది. అప్పుడు మీ కారు ఫోర్ వీల్ కారు కాదు. ముందు చక్రాలతో మాత్రమే నడిచే బరువైన కారు. విచారింపదగినది ఏమనగా, ఇది జరిగినప్పుడు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగకపోవడం కూడ కద్దు. నడిపేవానికి తెలియదు. కొనేవానికి అసలే తెలియదు.

సుబారు కార్ల పద్ధతి వేరు. వాటిలో నాలుగు చక్రాలూ ఎప్పుడూ బలం అందుకుంటూనే ఉంటాయి. అక్కడ తేడాను ఓర్చుకొనే మధ్యవర్తికి విశ్రాంతి లేదు. అందుకే ఆ సంస్థ నాలుగు టైర్ల చుట్టుకొలతలో పావు అంగుళానికి మించి తేడా ఉండరాదని చెబుతుంది. గాడి లోతులో చెప్పుకుంటే అది సుమారు ఒక మిల్లీమీటరు. మన రూపాయి బిళ్ళ మందం కూడ లేదు.

అందుచేత మళ్ళీ చెబుతున్నాను. ముందుగా టైర్లు చూడండి. నాలుగూ సమానమా అని చూడండి.

ఎట్లా చూడాలి? కొత్త చీపురు నుంచి ఒక గట్టి పుల్ల తీసుకోండి. టైరు గాడిలో నిలువుగా నిలబెట్టండి. టైరు అంచు తగిలినచోట గోటితో నొక్కండి. గుర్తు పడుతుంది. అదే పుల్లను రెండో టైరులో, మూడో టైరులో, నాలుగో టైరులో పెట్టండి. గుర్తు అదే చోట ఉంటే సమానం. గుర్తు పైకో కిందికో పోతే ఆగండి. ఒక్కొక్క టైరుకు లోపలి గాడిలోనూ వెలుపలి గాడిలోనూ రెండు చోట్ల చూడండి. ఒకే టైరు లోపలివైపు ఎక్కువ అరిగి ఉంటే అలైన్‌మెంటు సరిగా లేదు, లేక కింద ఎప్పుడో దెబ్బ తగిలింది.

తరువాత టైరు పక్క చదవండి. కంపెనీ పేరు నాలుగింటికీ ఒకటేనా? కొలత అంకెలు ఒకటేనా? ఆ పక్కనే కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిన టైరు అని అర్థం. నాలుగు టైర్ల పుట్టిన తేదీలు దగ్గరదగ్గరగా ఉంటే యజమాని జోడు తెలిసినవాడు. ఒక టైరు 2018, ఒక టైరు 2021, రెండు 2023 అయితే, పంక్చరు అయినప్పుడల్లా దొరికినది దొరికినట్లు వేసుకొన్నాడన్నమాట. ఇటువంటి చేతిలో కప్లింగు నూనె కూడ మారి ఉండదని నేను అనుకుంటాను. ఇది నా అభిప్రాయమే అయినా తరచు నిజమైనది.

స్టెప్నీని గురించి కూడ అడగండి. ఈ కార్లలో కొన్నిటికి ఇచ్చే స్టెప్నీ సన్నగా, చిన్నగా ఉంటుంది. అది దుకాణం దాకా చేర్చడానికే. దానితోనే ఊళ్ళు తిరిగినవారు లేకపోలేదు. మరొకటి అడగండి. ఈ బండిని ఎప్పుడైనా క్రేనుతో లాగించారా? రెండు చక్రాలు పైకెత్తి రెండు చక్రాలు రోడ్డు మీద దొర్లిస్తూ లాగితే రెండు చక్రాల కారుకు ప్రమాదం లేకపోవచ్చు. ఫోర్ వీల్ కారును అట్లా లాగరాదు. దానిని చదునైన లారీ మీదకు ఎక్కించి తీసుకొనిపోవాలి. 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి ఆగిపోయినవారు తొందరలో ఈ సంగతి మరచిపోతారు.

పుల్ల పరీక్ష ముగిసిన పిమ్మట చుట్టు పరీక్ష. మనుషులు తిరగని విశాలమైన, గట్టి నేల ఉన్న మైదానానికి కారును తీసుకొని వెళ్ళండి. ముందు పది కిలోమీటర్లు నడిపి వేడెక్కనివ్వండి. స్టీరింగును పూర్తిగా ఒక వైపు తిప్పి, నడిచే మనిషి వేగంతో రెండు చుట్లు చుట్టండి. కిటికీలు దించండి. రేడియో ఆపండి. చెవి పెట్టండి. బండి నూనె రాచిన తిరగలి వలె నిశ్శబ్దంగా తిరగాలి. ఎక్కడో పట్టి వదిలినట్లు, వెనుక నుంచి ఎవరో గుంజినట్లు, టైరు కిర్రుమన్నట్లు అనిపిస్తే మధ్యవర్తికి జబ్బు చేసింది. రెండో వైపు కూడ ఇట్లాగే చుట్టండి.

మన మేనల్లుని నీలం కారు ఇక్కడనే దొరికిపోయింది. ఒక సూపర్ మార్కెట్టు వెనుక ఖాళీ స్థలంలో చుట్టిస్తే వెనుక నుంచి గుంజింది. వాడు ఫోన్‌ను సీటు మీద పెట్టి నాకు వినిపించాడు. ఇంగ్లండు వానలో అద్దాల మీది నీటి చప్పుడు నడుమ ఆ గుంజుడు నాకు ఇక్కడ జహీరాబాదులో వరండాలో కూర్చుంటే వినబడింది. వానికి ఆ రంగు మీద మోజు పోలేదు. "నాలుగు టైర్లు కొత్తవి ఏసుకుంట మామా, సరిపోతది గద" అన్నాడు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పవలసి వచ్చింది. చుట్టు పరీక్షలో బండి నెగ్గి ఉంటే ఆ మాట నిజం. అప్పుడు నాలుగు కొత్త టైర్ల ఖరీదును ధరలోంచి తగ్గించమని అడిగి కొనవచ్చును. చుట్టులో గుంజిన తరువాత టైర్లు మార్చడమనేది, మెడ పుండు పడిన ఎద్దుకు కొత్త కాడి కట్టడం వంటిది. వాడు ఆ కారును వదిలి వచ్చాడు. ఆ రాత్రి నాతో సరిగా మాటలాడలేదు.

మన దేశంలో ఇటువంటి కార్లు అరుదు. గోల్ఫ్ ఆర్ ఇక్కడ అధికారికంగా అమ్మకానికి రాలేదు. 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ చూపులకు దాని తమ్ముని వలె ఉన్నా ముందు చక్రాల బండి. పేరు చూచి భ్రమపడవద్దు. నిజమైన ఫోర్ వీల్ హ్యాచ్‌బ్యాక్ అంటే 2021 నవంబరులో మెర్సిడెస్ వారు తెచ్చిన ఏఎంజీ ఏ45 ఎస్. రెండు లీటర్లకు లోపు ఇంజినులోంచి 421 అశ్వశక్తి. అప్పటి ధర 79 లక్షల 50 వేల రూపాయలు. అటువంటి కారు పాతదై హైదరాబాదులో సగం ధరకు దొరికినా టైర్లు మాత్రం సగం ధరకు దొరకవు. నాలుగూ ఒకేసారి మార్చగల స్తోమత లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా నిశ్చయం.

నన్నడిగితే మన పల్లెదారులకు పాత మారుతి జిప్సీ మేలు. హ్యాచ్‌బ్యాక్ కాదు, పందెపు కారు కాదు. కాని 1985లో వచ్చి మూడు దశాబ్దాలకు పైగా తయారైన ఆ తేలిక బండిని మన దేశపు ర్యాలీ వీరులు ఎంతగా నమ్మారో బండ్లు ఎరిగినవారు ఎరుగుదురు. దాని పద్ధతి ట్రాక్టరు పద్ధతే. మధ్యవర్తి లేడు. లివరు వేస్తే ముందు వెనుకలు బిగుసుకుంటాయి. కాబట్టి జిప్సీని గాని, మహీంద్రా వారి థార్‌ను గాని చుట్టు పరీక్ష చేసేటప్పుడు లివరు రెండు చక్రాల మీదనే ఉంచండి. ఫోర్ వీల్ వేసి గట్టి నేల మీద చుట్టితే మంచి బండి కూడ గుంజుతుంది. అది జబ్బు కాదు. ఫోర్ వీల్ పనిచేస్తున్నదా లేదా అన్నది దున్నిన చేను పక్కనో, ఇసుక మీదనో చూడండి. ముందు చక్రం కూడ మట్టిని తవ్వుతున్నదా? తవ్వితే ప్రాణం ఉంది.

కాగితాల మాట రెండు ముక్కలలో చెబుతాను. మనకు కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం. బీదరు నంబరు బండి చవుకగా వస్తున్నదని తెచ్చుకుంటే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే 28వ నంబరు ఫారం, తప్పక అడగండి. బదిలీకి 29, 30 నంబర్ల ఫారాలు. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్లు 35వ నంబరు ఫారం. ఇక్కడ జీవితకాలపు పన్ను వేరుగా కట్టవలసి వస్తుంది. 15 ఏళ్ళు నిండిన బండికి రిజిస్ట్రేషను తిరిగి చేయించాలి. జిప్సీలలో ఆ వయస్సు దాటినవి చాలా ఉన్నాయి.

కాగితాలలో నేను అన్నిటికన్న ప్రీతితో చదివేవి రెండు రసీదులు. ఒకటి టైర్ల దుకాణపు రసీదు. ఒకసారి కొన్నది రెండా, నాలుగా? రెండోది కప్లింగు నూనె మార్చిన రసీదు. గోల్ఫ్ ఆర్ వంటి కారుకు ఆ నూనెను మూడేళ్ళకొకసారి మార్చాలి. ఇంజిను నూనె రసీదులు చూపి, అన్ని సర్వీసులూ చేయించామని అమ్మేవారు అంటారు. ఇంజిను నూనె వేరు. కప్లింగు నూనె వేరు. విడిగా అడగండి. ఇంగ్లండులో అయితే మూడేళ్ళు దాటిన ప్రతి కారుకూ ఏటేటా ఎమ్ఓటీ అనే పరీక్ష ఉంటుంది. దాని చరిత్రను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ ఏట ఎన్ని మైళ్ళు తిరిగిందో, ఏ టైరు చట్టపు హద్దుకు దగ్గరగా అరిగిందో అందులో రాసి ఉంటుంది. మన విదేశపు పిల్లలు ఆ కాగితాన్ని జాతకం చదివినట్లు చదవాలి.

మా మేనల్లుడు ఆ విధంగానే చదివాడు. నీలం కారును వదలిన ఆరు వారాలకు మరొకటి చూశాడు. బూడిద రంగు. నీలం దాని కన్న ఒక ఏడు పాతది. పన్నెండు వేల మైళ్ళు ఎక్కువ తిరిగినది. ముందరి బంపరు మీద గీతలు ఉన్నాయి. అమ్మేది ఒక రిటైరైన పెద్దాయన. ఆయన అట్టపెట్టె నిండా రసీదులు తెచ్చి బల్ల మీద పెట్టాడట. టైర్లు రెండుసార్లు మార్చాడు, రెండుసార్లూ నాలుగు. కప్లింగు నూనె రెండుసార్లు మార్చాడు, రెండోసారి జల్లెడ కూడ కడిగించాడు. చుట్టులో బండి చప్పుడు చేయలేదు.

అప్పుడు వాడు ఫోన్ కెమెరా తెరిచి, నేను చూస్తుండగా, జేబులోంచి అగ్గిపుల్ల తీసి, తడి నేల మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. ఎడమ ముందు చక్రం. గోటితో నొక్కాడు. కుడి ముందు చక్రం. తరువాత వెనుకవి రెండూ. చివరి చక్రం దగ్గర చాలాసేపు తల ఎత్తలేదు. పుల్లను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, కెమెరాకు దగ్గరగా పట్టుకొన్నాడు.

"మామా, ఒక్కటే గీత" అన్నాడు.